నేలపలకల కింద పిల్లవాడు: 'పర్స్యూడ్' (1947)

ఇంటి నేలపలకల కింద ఇరుకైన చీకటిలో ఒక పిల్లవాడు ముడుచుకుని ఉంటాడు. పైన తుపాకులు మోగుతుంటాయి, మనుషులు కూలిపోతుంటారు. వాడికి మాత్రం బూట్లు, ఆ బూట్ల మడమలకు బిగించిన లోహపు ముళ్ల మెరుపు తప్ప మరేమీ మనసుకు ఎక్కదు. కాల్పులు ఆగిన తరువాత ఒక స్త్రీ వాడిని బయటికి పిలిచి, తన ఇంటికి తీసుకువెళ్లి, తన కొడుకుతోనూ కూతురుతోనూ సమానంగా పెంచుతుంది. ఆ రాత్రి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఆమెకు తెలుసు. వాడికి గుర్తు లేదు. వాడు పెరిగి పెద్దవాడై, యుద్ధానికి వెళ్లి వచ్చి, ప్రేమించి, ఇద్దరిని చంపి, పెళ్లి చేసుకునేంత వరకూ ఆమె ఆ సంగతి చెప్పదు.

1947లో వచ్చిన అమెరికన్ చిత్రం 'పర్స్యూడ్' కథకు మూలం ఇదే. ఆ పేరును 'తరుమబడినవాడు' అని చెప్పుకోవచ్చు. దర్శకుడు రావుల్ వాల్ష్, రచయిత నివెన్ బుష్, ఛాయాగ్రాహకుడు జేమ్స్ వాంగ్ హౌ, సంగీత దర్శకుడు మాక్స్ స్టైనర్. రాబర్ట్ మిచమ్, టెరెసా రైట్, జుడిత్ ఆండర్సన్, డీన్ జాగర్ ముఖ్య పాత్రధారులు. నిడివి 101 నిమిషాలు. ఈ చిత్రాన్ని నేను ఇప్పటికి మూడుసార్లు చూశాను. మూడోసారి చూస్తున్నప్పుడు, ఇన్నాళ్లూ కథానాయకుడిదని నేను అనుకున్న కథ నిజానికి అతనిని పెంచిన తల్లిదని నాకు బలంగా అనిపించింది. ఆ అభిప్రాయానికి కారణాలు చెప్పాలంటే ముగింపును దాచడం సాధ్యం కాదు. కాబట్టి కథ తెలియకుండా చూడదలచినవారు ముందు చిత్రం చూసి, తరువాత ఇది చదవవలసిందిగా కోరుతున్నాను.

కౌబాయ్ సినిమా అనగానే తెలుగు ప్రేక్షకుల మనసులో మెదిలేది 1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు'. ఎండ, దుమ్ము, గుర్రాల పరుగు, నిధి కోసం వేట, రంగుల్లో కృష్ణ. ఆ తరహాకు ప్రేరణ ఇటలీలో తీసిన వెస్టర్న్ చిత్రాలు. వాటికి దాదాపు రెండు దశాబ్దాల ముందే, అమెరికాలోనే, నలుపు తెలుపుల్లో, వెస్టర్న్ కథలోకి రాత్రి ప్రవేశించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సుకు ఒక్కసారిగా చేరిన హాలీవుడ్ నేరకథా చిత్రాలను చూసి, వాటిలోని నైరాశ్యానికీ నీడలకూ 1946లో అక్కడి విమర్శకులు 'ఫిల్మ్ నువార్' అని పేరు పెట్టారు. ఆ మాటకు 'నల్ల సినిమా' అని అర్థం. నువార్ కథలు సాధారణంగా నగరంలో జరుగుతాయి. వాన తడిపిన వీధి, కిటికీ పట్టీల నీడ, గతం నుంచి తప్పించుకోలేని మగవాడు, ఎవరిని నమ్మాలో తెలియని స్థితి వాటి గుర్తులు. వెస్టర్న్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ఆకాశం తెరిచి ఉంటుంది, శత్రువు ఎదురుగా నిలబడి ఉంటాడు, గతాన్ని వదిలేసి కొత్త జీవితం మొదలుపెట్టడానికే మనుషులు పడమటికి వెళతారు. ఈ రెండింటినీ కలపడం తేలిక కాదు. తల మీద టోపీ పెట్టి, వెనక నీడ వేస్తే సరిపోదు.

ఈ చిత్రం వెనక ఉన్నవారిని చూస్తే ఆ కలయిక యాదృచ్ఛికం కాదని తెలుస్తుంది. నివెన్ బుష్ అంతకుముందు ఏడాదే, 1946లో, 'ది పోస్ట్‌మన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' చిత్రానికి స్క్రీన్‌ప్లే రాసినవారిలో ఒకరు. నువార్ అంటే మొదట చెప్పుకునే చిత్రాలలో అదొకటి. అదే ఏడాది తెరకెక్కిన 'డ్యుయల్ ఇన్ ది సన్' అనే వెస్టర్న్ చిత్రానికి మూలమైన నవల కూడా ఆయనదే. ఇక వాల్ష్ 1941లో తీసిన 'హై సియెర్రా' అనే నేరకథనే 1949లో 'కొలరాడో టెరిటరీ' పేరుతో వెస్టర్న్‌గా మళ్లీ తీశాడు. దొంగ మారలేదు, కొండలు మారలేదు, కారు స్థానంలో గుర్రం వచ్చింది. 1928లో జరిగిన ప్రమాదంలో కుడికన్ను పోగొట్టుకుని, నల్లపట్టీతోనే దశాబ్దాల పాటు చిత్రాలు తీసిన ఈ దర్శకుడికి వేగం, పోరాటం, బయటి ప్రదేశాలు అంటే ఇష్టం. అటువంటి మనిషి ఒకరి మనసులోపల జరిగే కథను ఇంత ఓపికగా తీయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కథను క్లుప్తంగా చెబుతాను. న్యూ మెక్సికోలో కాలిపోయి శిథిలమైన ఒక ఇంటికి థోర్ (టెరెసా రైట్) గుర్రం మీద వస్తుంది. అక్కడ జెబ్ రాండ్ (మిచమ్) దాక్కుని ఉంటాడు, అతన్ని చంపడానికి మనుషులు వస్తున్నారు. వాళ్లు వచ్చేలోగా అతను తన జీవితాన్ని గుర్తు చేసుకుంటూ చెప్పడం మొదలుపెడతాడు. అతన్ని పెంచిన తల్లి మెడోరా కాలమ్ (జుడిత్ ఆండర్సన్), ఆమె పిల్లలు ఆడమ్, థోర్. ఆమె చనిపోయిన భర్తకు తోడబుట్టినవాడు గ్రాంట్ (డీన్ జాగర్). అతనికి ఒక చేయి లేదు. జెబ్ చిన్నతనంలో ఎవరో దూరం నుంచి కాల్పులు జరిపి అతని గుర్రపు పిల్లను చంపుతారు. ఆడమ్ పని అని జెబ్ అనుకుంటాడు, గ్రాంట్ పని అని మెడోరాకు తెలుస్తుంది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు సైన్యంలోకి వెళ్లవలసింది ఎవరో నాణెం ఎగరవేసి తేల్చుకుంటారు, జెబ్ ఓడిపోయి వెళతాడు. గాయంతో, పతకంతో తిరిగి వస్తాడు. అతనికీ థోర్‌కూ మధ్య ప్రేమ, ఆడమ్‌లో అసూయ. ఇంకొకసారి నాణెం ఎగురుతుంది, ఈసారి ఓడినవాడు ఇల్లు విడిచిపోవాలి. మళ్లీ జెబ్ ఓడిపోతాడు. దారిలో కొండరాళ్ల మాటు నుంచి ఎవరో అతని మీద కాల్పులు జరిపితే ఎదురుకాల్పుల్లో ఆ మనిషి చనిపోతాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆడమ్.

ఆ కొండరాళ్ల ఘట్టంలో హౌ పెట్టిన కెమెరా కోణాన్ని నేను మరిచిపోలేను. నిటారైన రాతిగోడ తెర నిండా నిలబడి ఉంటుంది, దాని పాదాల దగ్గర గుర్రం మీద మనిషి చీమంత కనిపిస్తాడు. మామూలు వెస్టర్న్‌లో ఇటువంటి దృశ్యం ఆ నేల విశాలతను చూపించి మనసును తేలిక చేస్తుంది. ఇక్కడ అదే విశాలత అతన్ని చుట్టుముట్టిన గోడలా ఉంటుంది. పట్టపగలు, ఆరుబయట, కనుచూపు మేర ఎవరూ లేనిచోట, ఆ మనిషి ఇంకా నేలపలకల కిందే ఉన్నాడని మనకు తెలుస్తుంది. చీకటి కావాలంటే రాత్రి అక్కరలేదని, నువార్‌కు నగరం అక్కరలేదని ఆ ఒక్క చిత్రణ రుజువు చేస్తుంది.

హౌ గురించి కొంత ఎక్కువ చెప్పాలని ఉంది. 1899లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికాకు చేరాడు. మూకీల కాలంలో స్టూడియోలో చిన్న పనులతో మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో వాడిన ఫిల్మ్ మీద లేత నీలి కళ్లు తెల్లగా, జీవం లేనట్టు పడేవి. మేరీ మైల్స్ మింటర్ అనే నటి ఛాయాచిత్రాలలో ఆమె కళ్లు నల్లగా, లోతుగా వచ్చేలా ఆయన చేయగలిగాడు. కెమెరా చుట్టూ నల్లని వెల్వెట్ గుడ్డ కడితే ఆ నలుపు ఆమె కళ్లలో ప్రతిఫలించింది. అదే ఆయనకు మొదటి కీర్తి తెచ్చింది. వెలుతురును కాదు, నలుపును వాడి ముఖానికి ప్రాణం పోసిన మనిషి ఆయన. అంత పేరున్నవాడికి 1943లో చైనీయుల మీద ఉన్న నిషేధ చట్టం రద్దయ్యేదాకా అమెరికా పౌరసత్వం పొందే అవకాశమే లేదు. 1937లో పారిస్‌లో రచయిత్రి సనోరా బాబ్‌ను పెళ్లి చేసుకుంటే, జాతులు వేరన్న కారణంతో ఆ పెళ్లిని కాలిఫోర్నియా చట్టం గుర్తించలేదు. అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది 1948లో, అంటే 'పర్స్యూడ్' విడుదలైన మరుసటి ఏడాది. ఒక ఇంట్లో పెరిగినా ఆ ఇంటివాడు కాలేని మనిషి కథను ఆయన కెమెరా అంత దగ్గరగా చూసిందంటే, దానికి నైపుణ్యం ఒక్కటే కారణం కాదేమోనని నాకు అనిపిస్తుంది. అది నా ఊహ మాత్రమే, అయినా చిత్రం చూస్తున్నంతసేపూ నన్ను వదలలేదు.

మన నలుపు తెలుపు చిత్రాలలో రాత్రి అంటే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల. పాలు ఒలికినట్టుండే ఆ రాత్రి ప్రేమికులకు ఆశ్రయం. ఆ వెన్నెలకు అలవాటుపడిన కళ్లతో హౌ తీసిన రాత్రులను చూస్తే మొదట ఊపిరి ఆడదు. దీపం ఉన్నంత మేర ముఖం కనిపిస్తుంది, దాని అవతల గది ఉందో లేదో తెలియదు. ఇంట్లో అందరూ కలిసి పాడుకునే ఘట్టం ఉంది, 'లండన్‌డెర్రీ ఎయిర్' అనే పాత ఐరిష్ బాణీ. అక్కడ కూడా ఒకరి ముఖం మీద వెలుతురు పడితే పక్కవారి ముఖం నీడలోకి జారుతుంది. ఆ కుటుంబం ఒకే పాట పాడుతున్నా ఒకే వెలుగులో లేదు.

నువార్ కథానాయకుడు సాధారణంగా తన గతాన్ని ఎరిగినవాడు. మిచమే అదే 1947లో నటించిన 'అవుట్ ఆఫ్ ది పాస్ట్'లో తానేం చేశాడో తెలిసి, దాన్ని దాచుకుని, చిన్న ఊరిలో పెట్రోలు బంకు నడుపుకుంటూ బతుకుతుంటాడు. ఆ రెండు చిత్రాలలోనూ కథను అతని గొంతే వెనక్కి నడిపిస్తుంది. కానీ జెబ్‌కు తాను దేనినుంచి పారిపోతున్నాడో తెలియదు. మెరుపు, బూటుముళ్లు, కారణం లేని భయం, ఇవి తప్ప అతని దగ్గర ఏమీ లేవు. తాను నేరం చేయలేదు, తనమీద జరిగిన నేరం గుర్తులేదు, అయినా శిక్ష మాత్రం జరుగుతూనే ఉంది. మిచమ్ బరువైన కనురెప్పలు, నిద్రలో నడుస్తున్నట్టుండే కదలిక ఈ పాత్రకు సరిగ్గా సరిపోయాయి. మరొక నటుడైతే ఆవేశపడి ఉండేవాడు. మిచమ్ వింటాడు, ఎదురుచూస్తాడు.

ఇప్పుడు మెడోరా. మొదటి రెండుసార్లూ నేను జెబ్ వెంటే నడిచాను. మూడోసారి, ఆమె తెర మీద ఉన్న ప్రతి దృశ్యంలోనూ ఆమె ముఖాన్నే చూశాను. అప్పుడు చిత్రం మొత్తం మారిపోయింది. గుర్రపు పిల్ల చనిపోయిన రోజు, కాల్చినవాడెవరో తెలిసీ ఆమె పిల్లవాడికి చెప్పదు. అన్నదమ్ముల్లా పెరిగిన ఇద్దరి మధ్య ఆ తూటా పెట్టిన అనుమానం అలాగే మిగిలిపోతుంది. నాణెం ఎగిరినప్పుడు ఆమె చూస్తుంది. ఒకే ఇంట్లో పెరిగిన తన కూతురు, జెబ్ ఒకరినొకరు ప్రేమించడం చూస్తుంది. ప్రతి చోటా ఒక్క మాట చెబితే కథ ఆగిపోయేది. ఆ మాట ఏమిటంటే, జెబ్ తండ్రితో ఆమెకు ఉన్న ప్రేమ. రాండ్ కుటుంబాన్ని కాలమ్‌లు ఊచకోత కోయడానికి మూలం ఆ సంబంధమే. తన ప్రేమ వల్ల అనాథ అయిన పిల్లవాడిని ఆమె పెంచింది. ఆ పెంపకంలో దయ ఎంత, ప్రాయశ్చిత్తం ఎంత అన్నది జుడిత్ ఆండర్సన్ మనకు తేల్చి చెప్పదు.

ఇది చూస్తున్నంతసేపూ నాకు కుంతి గుర్తుకు వచ్చింది. కర్ణుడు తన కొడుకని, పాండవులకు అన్న అని ఆమెకు తెలుసు. అస్త్రవిద్యా ప్రదర్శన నాడు ఇద్దరు కొడుకులు ఎదురెదురుగా నిలబడితే మూర్ఛపోయింది కానీ నోరు విప్పలేదు. అర్జునుడు చంపింది తోడబుట్టినవాడినని యుద్ధం ముగిసి తర్పణాలు విడిచే వేళ గానీ తెలియలేదు. ధర్మరాజు ఆ దుఃఖంలో ఆడవారికి రహస్యం దాచే శక్తి లేకుండా పోవాలని శపించాడని భారతం చెబుతుంది. 'ఆడవారి నోట్లో నువ్వుగింజ నానదు' అనే మాట పుట్టింది ఆ శాపం వల్లనేనని మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు. ఆ సామెతలో నాకు ఎప్పుడూ అన్యాయమే కనిపించింది. కుంతి దాచింది ఆమె స్వభావం వల్ల కాదు, చెబితే లోకం ఆమెను ఏం చేస్తుందో తెలిసి దాచింది. మెడోరా మౌనం కూడా అటువంటిదే. చెప్పి ఉంటే జెబ్ ఆమెను అసహ్యించుకునేవాడు, ఆమె పిల్లలు ఆమెను నిలదీసేవారు. ఆమె దాచింది, ఆ దాచిన దానికి వెలగా తన కొడుకు శవం ఇంటికి వచ్చింది.

జుడిత్ ఆండర్సన్‌ను చాలామంది 1940 నాటి 'రెబెకా' చిత్రంలోని భయంకరమైన గృహనిర్వాహకురాలిగా గుర్తుపెట్టుకున్నారు. 'పర్స్యూడ్' వచ్చిన 1947లోనే, అక్టోబరులో, ఆమె న్యూయార్క్ రంగస్థలం మీద 'మెడియా'గా నటించి టోనీ బహుమతి అందుకుంది. గ్రీకు నాటకంలో ప్రతీకారం కోసం తన పిల్లలనే చంపుకున్న తల్లి మెడియా. తెర మీద ఆమె మెడోరా, మరొకరి పిల్లవాడిని బతికించి తన కొడుకును పోగొట్టుకున్న తల్లి. పేర్లు అంత దగ్గరగా ఉన్నందువల్ల కావచ్చు, ఆ రెండింటినీ విడదీసి చూడడం ఇప్పుడు నాకు కష్టంగా ఉంది.

ఆడమ్ మరణం తరువాత కథ అసాధారణమైన దారి పడుతుంది. విచారణలో జెబ్ నిర్దోషిగా బయటపడతాడు, కానీ తల్లీ కూతుళ్లు ఇద్దరూ అతన్ని వెలివేస్తారు. ఒక నృత్య వేడుకలో గ్రాంట్ ఉసిగొల్పగా ప్రెంటిస్ అనే అమాయకపు యువకుడు తుపాకీతో జెబ్ వెంట చీకటి సందులోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకుంటాడు. నగరపు నువార్‌లో కనిపించే సందు ఇక్కడ చెక్క ఇళ్ల మధ్య ఉంటుంది, అంతే తేడా. ఆ తరువాత థోర్ జెబ్‌ను పెళ్లి చేసుకోవడానికి ఒప్పుకుంటుంది. పెళ్లి రాత్రి అతన్ని చంపాలన్నది ఆమె నిర్ణయం. పద్ధతి ప్రకారం అతను ఇంటికి రావడం, ముందుగదిలో కూర్చోవడం, ఆమె టీ పోయడం, ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకోవడం, ఆ మర్యాద కింద ద్వేషం కాగుతుండడం, ఈ ఘట్టాలు నాకు తుపాకీ పోరాటాల కన్నా ఎక్కువ భయం కలిగించాయి. టెరెసా రైట్ అప్పటిదాకా మంచి అమ్మాయి పాత్రలకు పేరుపొందిన నటి, 1942 నాటి 'మిసెస్ మినివర్'కు సహాయనటిగా ఆస్కార్ అందుకుంది. అప్పట్లో ఆమె బుష్ భార్య కూడా. నువార్ చిత్రాలలో మగవాడిని నాశనం చేసే మాయలాడి పాత్ర ఒకటి ఉంటుంది. ఆ పాత్రను ఇంత సౌమ్యమైన ముఖానికి ఇవ్వడం, పైగా ఆమె కోపానికి న్యాయమైన కారణం ఉండడం ఈ చిత్రం ప్రత్యేకత. పెళ్లి రాత్రి జెబ్ ఆమె ఆలోచన గ్రహించి, తుపాకీని ఆమెకు అందేలా పెడతాడు. ఆమె కాలుస్తుంది. గురి తప్పుతుంది, మరుక్షణం అతని చేతుల్లో వాలిపోతుంది.

ఆ వాలిపోవడం నాకు నచ్చలేదు. అంతసేపు పెంచిన ద్వేషం ఒక్క తూటాతో కరిగిపోవడం తొందరపాటు. ఆమెకు ఇంకొక దృశ్యం ఇవ్వవలసింది. అలాగే ఆడమ్ పాత్రకు అసూయ తప్ప మరొక గుణం రాయలేదు, అందువల్ల అతని మరణం జెబ్‌కు కలిగించినంత నొప్పి మనకు కలిగించదు. జెబ్ గొంతు కొన్నిచోట్ల మనం చూస్తున్నదాన్నే మళ్లీ చెబుతుంది. స్టైనర్ సంగీతం కూడా నిశ్శబ్దం చాలే చోట గట్టిగా వినిపిస్తుంది. ఈ లోపాలు చిన్నవి కావు. అయినా 1948లో రాబర్ట్ వైజ్ తీసిన 'బ్లడ్ ఆన్ ది మూన్' కన్నా ఈ చిత్రమే నాకు దగ్గరైంది. అందులోనూ మిచమే నాయకుడు, నికొలస్ ముసురాకా కెమెరా అద్భుతం, నిర్మాణంలో ఇంత ఒడిదుడుకులు లేవు. కానీ అక్కడి చీకటి గదులలోనూ కొండలలోనూ ఉంది. ఇక్కడి చీకటి ఒక కుటుంబంలో ఉంది.

చివరికి చిత్రం మొదలైన చోటికే, ఆ కాలిపోయిన ఇంటికే తిరిగి వస్తాం. గ్రాంట్ మనుషులు జెబ్‌ను చుట్టుముడతారు. చిన్నతనపు జ్ఞాపకం అక్కడే, ఆ నేల మీదే, పూర్తిగా తిరిగి వస్తుంది. గ్రాంట్ అతన్ని ఉరితీయబోతుండగా మెడోరా వస్తుంది. ఆమె చేతిలోని తుపాకీ పేలుతుంది, గ్రాంట్ పడిపోతాడు. ఎన్నో ఏళ్లుగా ఒక్క మాట చెప్పలేని స్త్రీ చివరికి ఆ పని మాటతో కాక తూటాతో చేసింది. జెబ్, థోర్ గుర్రాల మీద వెళ్లిపోతారు. కెమెరా వాళ్లతోనే వెళుతుంది, కథ ప్రకారం వెళ్లవలసిందీ వాళ్లతోనే. మూడోసారి చూసినప్పుడు మాత్రం నా మనసు ఆ గుర్రాల వెంట పోలేదు. కొడుకు లేని ఇంటికి, కూతురు వెళ్లిపోయిన ఇంటికి, తన చేతిలో చనిపోయిన మరిది శవాన్ని వెనక వదిలి, మెడోరా ఏ దారిన తిరిగి వెళ్లి ఉంటుందా అని చిత్రం ముగిశాక కూడా చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను.